గిల్బర్టు వైట్

ఇంగ్లండు దేశపు దక్షిణ భాగమున హాంప్‌షైర్ అను మండలము కలదు. అందలి సెల్బోర్న్ అనునది ఒక చిన్న పల్లె. దానిని ఆనుకొని బీచి వృక్షములతో నిండిన ఎత్తైన కొండవాలు ఉన్నది. ఆ పల్లెయందు 1720వ సంవత్సరము జూలై 18వ తేదీన గిల్బర్టు వైట్ జన్మించెను. ఈయన తాత ఆ గ్రామపు చర్చిలో మతాచార్యుడు. గిల్బర్టు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చదివి పట్టము పొందెను. 1744లో అచటి ఓరియల్ కళాశాలయందు ఫెలో పదవియు లభించెను. తరువాత ఆయన మతాచార్య దీక్ష గైకొనెను. కాని ఆయన మనసు పుట్టిన ఊరిని విడువలేదు. మతాచార్యునకు సహాయకుడుగా ఉండు చిన్న ఉద్యోగముతో తృప్తి చెంది, సెల్బోర్న్‌లోని తన కుటుంబపు ఇంటనే జీవితములో అధిక భాగము గడపెను. ఆయన వివాహము చేసికొనలేదు.

వైట్‌కు తోటపని యన్న మిక్కిలి మక్కువ. 1751 నుండి తన తోటలో ఏ విత్తనము ఎప్పుడు నాటినది, ఏ మొక్క ఎప్పుడు పూచినది ఒక పుస్తకమున వ్రాసికొనుచుండెను. 1768 నుండి ఆ వ్రాత మఱింత విరివియయ్యెను. గాలి, వాన, ఎండ, పూలు, పురుగులు, పక్షుల రాకపోకలు అన్నియు అందు చేరెను. ఏప్రిల్ నెలలో మొదటి వానకోవెల ఏనాడు కనబడెనో, శరదృతువున చివరిది ఏనాడు వెడలిపోయెనో ఏటేట తప్పక గుఱుతు పెట్టెడివాడు.

ఆ కాలపు పండితులు పక్షులను గూర్చి వ్రాయుటకు చచ్చిన పక్షులనే ఎక్కువగా పరీక్షించెడివారు. 1767 శీతకాలమున పొరుగున ఉన్న ఫారింగ్డన్ గ్రామమున ఒక బైరిడేగ చంపబడెను. ఆ ప్రాంతమున అట్టి డేగ కనబడుట అరుదు. వైట్ దానిని పెనాంట్ అను ప్రకృతి శాస్త్రజ్ఞునకు పంపెను. ఇట్టి నమూనాల వలన పక్షి ఆకారము, రంగు తెలియును గాని దాని బ్రతుకు తెలియదు. వైట్ బ్రతికియున్న పక్షులను వాని తావుననే చూచెను. చూపునకు ఇంచుమించు ఒక్కటిగానే తోచు మూడు చిన్న పక్షులను, వాని పాటలలోని భేదమును బట్టి మూడు వేఱు జాతులుగా ఆయన గుర్తించెను. ఒక గుడ్లగూబల జంట పిల్లలకు ఆహారము తెచ్చుచుండగా, గడియారము చేతబట్టుకొని గంటసేపు పరిశీలించెను. ఇంచుమించు 5 నిమిషములకు ఒక పర్యాయము రెంటిలో ఏదో యొకటి గూటికి మరలి వచ్చుచున్నట్లు కనుగొనెను.

వానకోవెలను పోలి, కొడవలి వంటి ఱెక్కలు గల స్విఫ్ట్ అను పక్షులు వసంతము చివర సెల్బోర్న్‌కు వచ్చి, చర్చి పరిసరమునను పేదల గడ్డి యిండ్లలోను గూళ్ళు పెట్టును. వైట్ వానిని ఏటేట లెక్కించెను. ప్రతి సంవత్సరము 8 జంటలే ఉండెను. జంటకు రెండేసి పిల్లలు కలుగుచుండగా వాని సంఖ్య ఏల పెరుగకున్నది? పెరిగినవి ఎచటికి పోవుచున్నవి? లెక్క పెట్టని వారికి ఈ ప్రశ్నయే తోచదు.

అంతకంటె పెద్ద ప్రశ్న మఱియొకటి ఆయనను జీవితాంతము వెంటాడెను. శీతకాలమున వానకోవెలలు ఏమగును? అవి దూరదేశములకు పోవునని కొందఱును, చెఱువుల అడుగునను బొఱియలలోను నిద్రించునని కొందఱును వాదించుచుండిరి. వైట్ సోదరుడు జాన్ జిబ్రాల్టర్‌లో ఉండి, వానకోవెలల గుంపులు సముద్రమును దాటుట చూచి తెలిపెను. వైట్ అది నమ్మెను. అయినను కొన్ని పక్షులు శరదృతువు చివర వఱకు సెల్బోర్న్‌లోనే కనబడుచుండుటచే, అవి అచటనే దాగునేమో యని సందేహించెను. సందేహమును తీర్చుకొనుటకు 1781 ఏప్రిల్‌లో కూలివాండ్రను పెట్టి కొండవాలునందలి పొదలను, సందులను వెదకించెను. ఒక్క పక్షియు దొరకలేదు. వారు వెదకుచున్న సమయముననే మార్టిన్ అను జాతి వానకోవెల యొకటి ఊరి వీధి వెంట ఎగిరివచ్చి, ఒక యింటి చూరు క్రింది గూటిలో దూరెను. వైట్ ఈ రెండు సంగతులను ఉన్నవి యున్నట్లు వ్రాసికొనెను. తన ఊహను నిలబెట్టుకొనుటకై ఏ విషయమును మఱుగుపఱుపలేదు.

ఆయన మిత్రులకు వ్రాసిన లేఖలు గ్రంథముగా కూర్చబడి, సెల్బోర్న్ ప్రకృతి చరిత్ర అను పేర 1789లో వెలువడెను. లండనులో పుస్తక వ్యాపారియైన సోదరుడు బెంజమిన్ దానిని ప్రకటించెను. దినచర్య వ్రాయుట మాత్రము వైట్ మానలేదు. మరణమునకు కొలది దినముల ముందు వఱకు వ్రాసి, 1793 జూన్ 26వ తేదీన తన యింటనే కన్నుమూసెను. అప్పటికి ఆయన వయస్సు 72 సంవత్సరములు. వానకోవెలల ప్రశ్నకు పూర్తి సమాధానము ఆయనకు దొరకనే లేదు.

ఆ సమాధానము వందేండ్లకు పైగా గడచిన పిమ్మట దొరకెను. 1911 వసంతమున ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌లో ఒక వానకోవెల కాలికి సంఖ్య గల చిన్న లోహపు కడియము తొడిగి విడిచిరి. 1912 డిసెంబరులో అది దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో పట్టుబడెను. ఆ చిన్న పక్షి వేల మైళ్ళు ప్రయాణించెనని అందఱికిని రూఢియయ్యెను.

వైట్ గ్రంథమును బాల్యమున చదివి, పక్షులను గమనింప నారంభించిన వారిలో చార్లెస్ డార్విన్ ఒకడు. నేడు బైరిడేగల గూళ్ళను వసంతమున లెక్కించువారును వైట్ నడచిన త్రోవనే నడచుచున్నారు. ఈ ఏటి లెక్కను గత సంవత్సరపు లెక్కతో పోల్చినప్పుడే ఒక జాతి పెరుగుచున్నదో తఱుగుచున్నదో తెలియును. దూరదేశములు చూడకయే, తన ఊరిలోని ఎనిమిది జంటల పక్షులను ఓర్పుతో గమనించి, ఆ పల్లెటూరి మతాచార్యుడు లోకమునకు ఈ విద్యను నేర్పెను.