కరెంటు బాబాసాహెబ్‌కు ఎందుకు ముఖ్యమైంది?

సతారా బడిలో దాహమైతే ప్యూను వచ్చి పైనుంచి పోస్తేనే ఆ పిల్లవాడికి నీళ్లు. ప్యూను రాని రోజు దాహంతోనే ఉండాలి. ఆ పిల్లవాడే పెద్దయ్యాక, 1927 మార్చిలో, వేలాది మందిని వెంటబెట్టుకొని మహాడ్ చవదార్ చెరువులో దిగి నీళ్లు తాగాడు. ఇదంతా మనం ప్రతి జయంతి సభలో చెప్పుకుంటాం. అదే అంబేడ్కర్ దేశంలోని నదులకు, కరెంటుకు విధానం రాసిన నాలుగేళ్ల గురించి మాత్రం తక్కువగా మాట్లాడుకుంటాం.

1942 జులైలో ఆయన వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో లేబర్ మెంబర్ అయ్యారు. కార్మిక వ్యవహారాలతో పాటు సాగునీరు, విద్యుత్ కూడా ఆ శాఖ కిందికే వచ్చాయి.

ఈ ఆలోచన ఆయనకు కొత్త కాదు. 1918లోనే చిన్న కమతాల మీద వ్యాసం రాస్తూ, మోయలేనంత మంది భూమి మీదే పడి బతకడం అసలు జబ్బని, పరిశ్రమలే దానికి మందని తేల్చారు. సెంటు భూమి లేక ఆసామి పొలంలో చాకిరీ చేసిన కులాలకు ఆ మాట విలువ విడమరచి చెప్పనక్కర్లేదు. ఆసామి మీద ఆధారపడకుండా బతకాలంటే పొలం బయట పని దొరకాలి. ఆ పని పరిశ్రమలో ఉంది. పరిశ్రమకు చౌకగా, పుష్కలంగా కరెంటు కావాలి. 1943 అక్టోబరులో విద్యుత్ విధాన సంఘం ముందు ఆయన కరెంటును పారిశ్రామికీకరణకు పునాదిగా నిలబెట్టారు.

అదే ఏడాది జులైలో దామోదర్ వరద కలకత్తాకు వెళ్లే రైలు మార్గాన్ని, రోడ్డును తెంచేసింది. అంతవరకు వరద అంటే గట్లు పోయడమే. అమెరికాలోని టెన్నెసీ లోయ పథకాన్ని నమూనాగా తీసుకొని, ఒకే నది మీద వరద అదుపు, సాగునీరు, కరెంటు, పడవ రవాణా కలిపి సాధించాలని ఆయన శాఖ ప్రతిపాదించింది. 1945 జనవరిలో కలకత్తాలో బెంగాల్, బీహార్ ప్రభుత్వాలను కూర్చోబెట్టి మాట్లాడారు. నవంబరులో కటక్ వెళ్లి, మహానది నీటిని శత్రువుగా కాక సంపదగా చూడాలని, జలాశయాల్లో నిలపాలని వాదించారు. కేంద్ర సాంకేతిక విద్యుత్ బోర్డు, నేటి కేంద్ర జల సంఘానికి మూలమైన సంస్థ ఆ కాలంలోనే పుట్టాయి. 1946లో ఆయన పదవి వదిలారు. 1948లో దామోదర్ లోయ కార్పొరేషన్ చట్టం వచ్చింది.

ఇక్కడితో ఆపితే మనం సగం చరిత్రే చెప్పినట్టు. 1957లో ప్రారంభమైన హీరాకుడ్ డ్యాం లక్షమందికి పైగా జనాన్ని లేపేసింది. వాళ్లలో ఆదివాసులు, దళితులు ఉన్నారు. పట్టా ఉన్నవాడికే పరిహారం అన్నచోట, పట్టా లేనివాడికి ఊరు పోయినా లెక్కలో చోటు దొరకదు. పోలవరం ముంపులో కోయ, కొండరెడ్డి గూడేలు పోతున్న మనకు ఈ బాధ కొత్తది కాదు. ఆ డ్యాములు ఆయన చేతుల మీదుగా లేవలేదు నిజమే. అయినా పునాది ఆలోచన ఆయనది కాబట్టి ఈ ప్రశ్నను దాటవేయడం పరిశోధకులుగా మాకు న్యాయం అనిపించదు.

ఆయన ఇచ్చిన కొలబద్ద మాత్రం మన దగ్గరే ఉంది. ఆయన దృష్టిలో కరెంటు భూమిలేనివాడికి ఆసామి గడప దాటే దారి. ఇవాళ పరిశ్రమల పేరుతో నీళ్లు, కరెంటు మళ్లిస్తున్న ప్రతిచోటా మనం అడగాల్సింది ఇదే: ఇందులో వాడ మనిషికి ఏ పని దొరికింది, ఎవరి ఊరు పోయింది?