చదువుకోవడానికి వెళ్లి మాస్టారైన ఫిడేలు నాయుడు గారు



పరీక్షల తేదీలు, పుస్తకాల పంపిణీ వివరాలు విడిగా పెట్టాం, అవి కూడా చూసుకోండి. ఈసారి నేను మీకు ఒక పెద్దాయన జీవితం చెప్పాలనుకుంటున్నాను. ఎందుకంటే, మన ఉపాధ్యాయుల్లో ఇద్దరిని పాటలు నేర్పే శిక్షణకు పంపుతున్నామని తెలిసి కొందరు తల్లిదండ్రులు నా గదికి వచ్చారు. లెక్కల మాస్టారికి సంగీతం ఎందుకు, ఆ రోజుల్లో సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు అని అడిగారు. అడగడంలో తప్పేమీ లేదు. పిల్లల చదువు గురించి మీరు అడగకపోతే ఇంకెవరు అడుగుతారు? తమాషా ఏమిటంటే, వెళ్లాల్సిన మాస్టారే నాతో అదే మాట అన్నారు. తనకు గొంతు లేదట, ఈ వయసులో సరిగమలు నేర్చుకోవడానికి సిగ్గుగా ఉందట.

అందుకని ద్వారం వెంకటస్వామి నాయుడు గారి గురించి రాస్తున్నాను. పిల్లలూ, ఇంట్లో తాతగారినో అమ్మమ్మనో అడగండి. ఫిడేలు నాయుడు గారంటే వాళ్లలో కొందరికైనా గుర్తుంటుంది.

నాయుడు గారు 1893 నవంబరు 8న బెంగళూరులో పుట్టారు. తండ్రి మనవాళ్ళయ్య గారు సైన్యంలో పనిచేశారు. పుట్టింది బెంగళూరులో గానీ పెరిగింది మాత్రం విశాఖపట్నంలో. ఇంట్లో ఫిడేలు ఉండేది. అన్నగారు వెంకటకృష్ణయ్య గారే ఆయనకు మొదటి గురువు. చిన్నప్పటి నుంచే చూపు మందం. కళ్లజోడు, ముందు బెంచీ, పెద్ద అక్షరాల పుస్తకం లాంటి ఏర్పాట్లు ఈ రోజుల్లో మనం చేస్తున్నాం గానీ, నూట ఇరవై ఏళ్ల కిందట చూపు ఆనని పిల్లవాడికి బడి ఎలా ఉండేదో మీరే ఊహించండి. ఆయన చదువు పుస్తకాల వైపు సాగలేదు. చెవి మీదా, వేళ్ల మీదా సాగింది.

ఫిడేలు సంగతి కాస్త చెప్పాలి. ఇది మన దేశంలో పుట్టిన వాద్యం కాదు. యూరప్ నుంచి వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో దీన్ని నేర్చుకొని మన సంగీతానికి వాడుకున్నారు. అక్కడివాళ్లు నిలబడి గడ్డం కింద పెట్టుకొని వాయిస్తారు. మనవాళ్లు నేల మీద కూర్చొని, ఫిడేలు తలను పాదం మీద ఆనించుకొని వాయిస్తారు. తీగలు నాలుగే. వీణకున్నట్టు మెట్లు ఉండవు. స్వరం ఎక్కడుందో కంటికి కనబడదు, వేలు వెంట్రుకవాసి జరిగినా అపస్వరమే. కాబట్టి వాయించేవాడు ప్రతి క్షణం తన చేతిని తనే దిద్దుకుంటూ ఉండాలి. ఇంత పట్టు కావాల్సిన వాద్యాన్ని చూపు మందమైన పిల్లవాడు పట్టుకున్నాడు.

ఇప్పుడు విజయనగరం వద్దాం. మన బరంపురంలో రైలెక్కితే రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఆ రోజుల్లో బరంపురం, విజయనగరం రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోవే, మధ్యలో రాష్ట్రం సరిహద్దు లేదు. విజయనగరం సంస్థానంలో చాగంటి జోగారావు గారని ఒక ఉద్యోగి ఉండేవారు. ఆయన కొడుకు గంగరాజుకి చూపు లేదు, సంగీతం మీద మాత్రం ప్రాణం. అబ్బాయిని ఎక్కడికైనా పంపి సంగీతం చెప్పించాలని, సాయం చేయమని తండ్రి మహారాజా విజయరామ గజపతిరాజు గారిని కోరారు. ఒక్క పిల్లవాణ్ణి బయటకు పంపే బదులు పదిమందికీ పనికొచ్చేలా ఊళ్లోనే ఒక బడి పెడదామని మహారాజుకు తోచింది. 1919లో విజయనగరం సంగీత కళాశాల అలా మొదలైంది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు.

ఒక తండ్రి వెళ్లి అడిగాడు, బడి వచ్చింది. మీరు నా గదికి వచ్చి అడిగినప్పుడు నాకు కోపం రాకపోవడానికి ఇదొక కారణం.

కొత్త కళాశాల సంగతి విని నాయుడు గారు విశాఖపట్నం నుంచి విజయనగరం వెళ్లారు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు దాటింది. విద్యార్థిగా చేరడానికే వెళ్లారని, ఆయన వాయించింది విన్నాక, ఇతనికి ఇక్కడ నేర్పేదేముంది, ఇతనే నేర్పాలి అని పెద్దలు నిర్ణయించారని చెప్పుకుంటారు. ఏది ఏమైనా ఆయన ఆ కళాశాలలో ఫిడేలు ఆచార్యుడయ్యారు. చేతిలో సంగీతం డిగ్రీ లేదు, బోధనలో శిక్షణ అసలే లేదు. 

నేను బి.ఎడ్. చదివినవాణ్ణి. పాఠ్య ప్రణాళిక ఎలా రాయాలో, బోర్డు మీద తేదీ ఏ మూల వేయాలో నాకు నేర్పారు. నేర్పేవాడు తన విద్యలో తాను ఎలా ఎదుగుతూ ఉండాలో నేర్పినట్టు గుర్తు లేదు. నాయుడు గారి దగ్గర నేను చూసింది సరిగ్గా అదే. సీటు కోసం వెళ్లినవాడికి కుర్చీ దొరికింది. మనలో చాలామందిమి అంతటితో పుస్తకం మూసేస్తాం. ఆయన మూయలేదు. గంటల తరబడి సాధన చేసేవారు. గ్రామఫోను రికార్డులు కొత్తగా వస్తున్న కాలం అది. పాశ్చాత్య ఫిడేలు విద్వాంసుల రికార్డులు పెట్టుకొని, వాళ్లు కమానును ఎలా లాగుతున్నారో, నాదం అంత నిండుగా ఎలా వస్తోందో చెవిపెట్టి వినేవారు. వాళ్ల రాగాలు మనవి కావు, వాళ్ల పద్ధతి మనది కాదు. అయినా కమాను నడకలో నేర్చుకోవలసింది ఉందని ఆయన గ్రహించారు. నేర్చుకున్నది తెచ్చి త్యాగరాజ కీర్తనల్లో పెట్టారు. ఆయన ఫిడేలులో గాత్రం వినబడేదని సంగీతం తెలిసినవాళ్లు అంటారు. పాత రికార్డింగులు ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతాయి. రాత్రి భోజనాలయ్యాక ఒక పది నిమిషాలు ఇంటిల్లిపాదీ వినండి.

1936లో నారాయణదాసు గారి తర్వాత నాయుడు గారు ప్రిన్సిపాలయ్యారు. మన పిల్లలు ఈ ఏడాదిని గుర్తుంచుకోవాలి. అదే సంవత్సరం ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది, గంజాం మద్రాసు నుంచి విడిపోయి ఇటు వచ్చింది. మన తాతముత్తాతలు ఉన్నచోటే ఉన్నారు, సరిహద్దు వాళ్లను దాటి వెళ్లింది. మనం ఇక్కడ భాషాపరమైన అల్పసంఖ్యాకులం అయ్యింది అప్పుడే.

అప్పటిదాకా ఫిడేలు అంటే కచేరీలో పాడేవారి పక్కన కూర్చొని వాళ్లను అనుసరించే వాద్యం. 1938లో వేలూరులో నాయుడు గారు ఒక్కరే ప్రధాన కళాకారుడిగా ఫిడేలు కచేరీ చేశారు. ఫిడేలును పక్క నుంచి మధ్యకు తెచ్చి కూర్చోబెట్టినవాళ్లలో ఆయన్ను ముందుగా చెబుతారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1952లో ప్రపంచ ప్రసిద్ధ వయొలినిస్టు యెహుదీ మెనూహిన్ మన దేశం వచ్చినప్పుడు మద్రాసులో ఆయన వాయించింది విని మెచ్చుకున్నారు. రికార్డుల్లో వాళ్లను విని నేర్చుకున్న మనిషి దగ్గర కూర్చొని, వాళ్లలో మేటి అయిన ఒకాయన వినడం! 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ వచ్చాయి. 1964 నవంబరు 25న మద్రాసులో కన్నుమూశారు.

పురస్కారాల జాబితా పరీక్షలో అడిగితే రాయండి, తప్పులేదు. నాకు మాత్రం విజయనగరం తరగతి గదులే ఎక్కువ ముఖ్యం. ఘంటసాల గారు సంగీతం నేర్చుకున్నది ఆ కళాశాలలోనే. చేతిలో డబ్బు లేకుండా, సెలవుల్లో వచ్చి దిక్కుతోచక నిలబడిన ఆ కుర్రాణ్ణి అక్కడి గాత్ర గురువు పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి పాఠం చెప్పారు. పి. సుశీల గారు అక్కడే చదివారు. నేదునూరి కృష్ణమూర్తి గారు 1940లో అక్కడ చేరి, తర్వాత తానే సంగీత కళాశాలలకు ప్రిన్సిపాలయ్యారు. ఒక గురువు నేర్చుకోవడం ఆపకపోతే ఎంత దూరం వెళుతుందో చూడండి. మీ ఇంట్లో రేడియోలో వినబడిన పాటల్లో సగం ఆ గుమ్మం దాటి వచ్చినవే అంటే కొంచెం ఎక్కువ చెప్పినట్టే గానీ, మరీ ఎక్కువ కాదు.

ఇక నా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పడం నాకు అంత సుఖంగా లేదు.

పాతికేళ్ల క్రితం, ఇంకో ఊళ్లో పనిచేస్తున్న రోజుల్లో, ఆగస్టు 15కి పిల్లలచేత పాట పాడించే పని నా నెత్తిన పడింది. సంగీతం మాస్టారు లేరు కాబట్టి నేనే మొదలుపెట్టేవాణ్ణి, పిల్లలు అందుకునేవారు. అందులో ఒక కుర్రాడు ఎప్పుడూ కింద కింద గొణిగేవాడు, పాట మొత్తం చెడేది. అతిథులు వస్తున్నారు, పరువు పోతుందని భయం. వాణ్ణి పిలిచి, పాడకు నాయనా, పెదాలు కదిపితే చాలు అన్నాను. వాడు బుద్ధిమంతుడు, అలాగే చేశాడు. ఆ తర్వాత నేనున్నన్నాళ్లూ ప్రార్థనలో కూడా వాడు పెదాలే కదిపాడు. నేను గమనించాను. ఏమీ చేయలేదు.

కొన్నేళ్ల క్రితం ఒక శిక్షణకు వెళ్లాను. మామూలు ఉపాధ్యాయులకు తరగతిలో పాట ఎలా నేర్పాలో చూపించే రెండు రోజుల కార్యక్రమం. నేర్పడానికి వచ్చినావిడ మొదటి గంటలోనే ఒక మాట చెప్పారు. మగవాళ్ల గొంతు పిల్లల గొంతు కన్నా సుమారు ఒక స్థాయి కిందుంటుంది. మనకు హాయిగా ఉన్నచోట మనం పాట ఎత్తుకుంటే, కొందరు పిల్లలు పై స్థాయిలో సరిగ్గా అందుకుంటారు. కొందరు మాత్రం మనం పాడిన చోటికే దిగాలని చూస్తారు. గొంతు అంత కిందికి దిగదు కాబట్టి గొణుగుతారు. వాళ్లకు చెవి లేక కాదు. మాస్టారిని ఉన్నదున్నట్టు అనుసరించాలని చూస్తున్నారు, అంతే. విద్యార్థులమైన మేం ముప్పై మందిమి నవ్వుకున్నాం. నాకు ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

చేయాల్సింది చాలా చిన్న పని. ఫోన్లో శ్రుతిపెట్టె ఉచితంగా దొరుకుతుంది. శ్రుతి పిల్లల గొంతుకు తగ్గట్టు పెట్టాలి, ముందు విననివ్వాలి, నోరు మూసుకొని హమ్ చేయనివ్వాలి, ఆ తర్వాత పాడించాలి. తాళం వేరుగా నేర్పాలి. ఆదితాళం ఎనిమిది లెక్కలు: ఒక దెబ్బ, మూడు వేళ్లు, మళ్లీ దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. రెండో తరగతి పిల్లలు వారంలో పట్టుకుంటారు. ఎనిమిదిని నాలుగూ రెండూ రెండుగా విడగొట్టడం దాంట్లోనే ఉంది, లెక్కల మాస్టారు కూడా సంతోషించవచ్చు. మన పక్కనున్న కవిసూర్యనగర్‌కు పేరిచ్చిన బలదేవ రథ్ గారైతే తన చంపూలో క నుంచి క్ష వరకు అక్షరానికొక పాట కట్టారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడే మన పిల్లలకు అక్షరాలు ఈ దారిలో కూడా వస్తాయి.

2020 జాతీయ విద్యావిధానం ప్రతి ఉపాధ్యాయుడూ ఏడాదికి కనీసం 50 గంటలు తన వృత్తిలో కొత్త విషయాలు నేర్చుకోవాలని చెప్పింది. అందులో కొన్ని గంటలు పాటకు ఇస్తే సిలబస్ మునిగిపోదు. పోయిన పీరియడ్లు నేనే తీసుకుంటాను, తొమ్మిదో తరగతి పిల్లలకు ఆ సంగతి ముందే చెప్పాను. మా లెక్కల మాస్టారు వెళ్లడానికి ఒప్పుకున్నారు. సిగ్గు తగ్గలేదు గానీ, బస్సు వేళలు అడిగి తెలుసుకున్నారు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. మీలో ఎవరికైనా హార్మోనియం, మృదంగం, తబలా, ఫిడేలు వస్తే, లేదా పాత జానపదాలు, లాలిపాటలు తెలిస్తే, శనివారం మధ్యాహ్నం రెండు గంటల తర్వాత బడికి రండి. మాస్టార్లిద్దరూ తిరిగి వచ్చాక మొదటి తరగతి అందరి ముందూ జరుగుతుంది. పిల్లలందరూ పాడతారు. పెదాలు మాత్రమే కదిపే పిల్లలు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే నాకు చెప్పండి, నేను వాళ్ల పక్కన కూర్చుంటాను.