రోడెరిక్ హేగ్-బ్రౌన్

రోడెరిక్ హేగ్-బ్రౌన్ (ఫిబ్రవరి 21, 1908 - అక్టోబరు 1976) కెనడాకు చెందిన ప్రముఖ రచయిత, న్యాయాధికారి, ప్రకృతి పరిరక్షకుడు. ఇంగ్లాండులో జన్మించి, కెనడా పశ్చిమ తీరంలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో స్థిరపడ్డాడు. నదులను గురించి, సాల్మన్ చేపలను గురించి, గాలపు వేటను గురించి ఇరవైకి పైగా గ్రంథాలు రచించాడు. సాల్మన్ సంపద తరుగుతున్న కాలంలో జీవనోపాధికి చేపలు పట్టే మత్స్యకారులకు, వినోదానికి గాలం వేసేవారికి మధ్య తలెత్తిన తగవులో రెండు పక్షాల జీవితాన్నీ స్వయంగా ఎరిగిన అరుదైన వ్యక్తిగా ఇతడు గుర్తింపు పొందాడు.

బాల్యం, విద్య

హేగ్-బ్రౌన్ ఇంగ్లాండులోని ససెక్స్ ప్రాంతానికి చెందిన లాన్సింగ్‌లో జన్మించాడు. తాత విలియం హేగ్ బ్రౌన్ ప్రసిద్ధ చార్టర్‌హౌస్ పాఠశాలకు దీర్ఘకాలం ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసాడు. తండ్రి అలన్ ఉపాధ్యాయుడు, రచయిత, సైనికాధికారి. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో 1918లో మరణించాడు. అప్పటికి రోడెరిక్ వయసు పదేళ్ళు. బాల్యంలోనే ఇతనికి గాలపు వేట అలవడింది. తాత ఏలిన చార్టర్‌హౌస్‌లోనే చదువుకున్నా అక్కడి క్రమశిక్షణకు ఇమడలేక, చదువు పూర్తి కాకుండానే బయటికి వచ్చాడు. విశ్వవిద్యాలయ విద్య అభ్యసించలేదు.

వలస, తొలి ఉద్యోగాలు

1920ల ద్వితీయార్ధంలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రానికి చేరుకుని, అడవిలో కలప నరికే శిబిరంలో పనికి కుదిరాడు. తరువాత సరిహద్దు దాటి బ్రిటిష్ కొలంబియాలోని వాంకూవర్ ద్వీపానికి వెళ్ళాడు. ద్వీపం ఉత్తర భాగంలోని నింప్‌కిష్ నదీ ప్రాంతంలో కలప కూలీగా, మత్స్యకారుడిగా, వేటకు వచ్చేవారికి మార్గదర్శకుడిగా జీవించాడు. సాల్మన్‌ను అమ్ముకుని బ్రతికేవారి కష్టం ఇతనికి పుస్తకాల ద్వారా కాక పడవల మీదనే తెలిసింది. కొంతకాలం లండనుకు తిరిగి వెళ్ళి, అక్కడ ఉండగా అట్లాంటిక్ సాల్మన్ జీవితకథగా సిల్వర్ అనే తొలి పుస్తకాన్ని వెలువరించాడు (1931). ఆ తరువాత మరల కెనడా చేరుకుని, జీవితాంతం అక్కడే ఉండిపోయాడు.

సాల్మన్ చేపలు, వాటికై పోటీ

సాల్మన్ మంచినీటి నదిలో గులకరాళ్ళ మధ్య పెట్టిన గుడ్ల నుండి పుట్టి, సముద్రానికి పోయి పెరిగి, గుడ్లు పెట్టే వేళకు తాను పుట్టిన నదికే తిరిగి వస్తుంది. వరదల కాలంలో గోదావరికి ఎదురీదే పులస వలె ఇది కూడా ప్రవాహానికి ఎదురు ఈదుతుంది. అయితే పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టిన వెంటనే మరణిస్తుంది. బ్రిటిష్ కొలంబియా నదులలో చినూక్, కోహో, సాకై, పింక్, చమ్ అనే ఐదు రకాల సాల్మన్ ముఖ్యమైనవి. వీటికి సమీప బంధువైన స్టీల్‌హెడ్ కూడా సముద్రానికి పోయి వచ్చే చేపయే.

సాకై, పింక్, చమ్ చేపలను ప్రధానంగా వలలతో పడతారు. చినూక్, కోహోలను మత్స్యకారులు కదిలే పడవ వెనుక గాలపు తీగలను లాగుతూ పడతారు. వినోద వేటగాళ్ళు ఎక్కువగా కోరేది కూడా ఈ రెండింటినే. కాబట్టి తగవుకు మొదటి కారణం ఒకే చేపను ఇద్దరూ ఆశించడం. రెండవ కారణం మరింత చిక్కైనది. సముద్రంలో అనేక నదుల చేపలు కలసి ప్రయాణిస్తాయి. సమృద్ధిగా ఉన్న నది చేపకై వేసిన వలలో, క్షీణించిన నది చేప కూడా పడుతుంది. వలకు ఆ భేదం తెలియదు. ఈ విధంగా ఒక నదీ తీరవాసులకు రావలసిన చేప వందల కిలోమీటర్ల దూరంలోనే ముగిసిపోవచ్చు.

కాంప్‌బెల్ నది ఒడ్డున

1934లో హేగ్-బ్రౌన్ అమెరికాలోని సియాటిల్‌కు చెందిన ఆన్ ఎల్మోర్‌ను వివాహమాడాడు. వీరికి నలుగురు సంతానం. వాంకూవర్ ద్వీపం తూర్పు తీరంలోని కాంప్‌బెల్ రివర్ అనే పట్టణంలో, అదే పేరు గల నది ఒడ్డున వీరు స్థిరపడ్డారు. ఈ ఊరు రెండు విధాల వేటకూ కేంద్రం. ఉత్తరాన ఉన్న జలసంధిలో వలల పడవలు సాకై చేపలకై నిలిచేవి. నదీ ముఖద్వారం వద్ద 1924లో ఏర్పడిన టై క్లబ్ సభ్యులు తెడ్ల పడవలలో కూర్చుని గాలం వేసేవారు. 30 పౌండ్లు, అనగా సుమారు 13.6 కిలోలు, లేదా అంతకు మించి తూగే చినూక్‌ను ఇక్కడ టై అని పిలుస్తారు. తేలికపాటి గాలంతో దానిని పట్టినవారికే ఆ క్లబ్ సభ్యత్వం లభిస్తుంది.

న్యాయశాస్త్ర పట్టా లేకున్నా హేగ్-బ్రౌన్ 1940ల ఆరంభంలో ఈ పట్టణానికి న్యాయాధికారిగా నియమితుడై, 1970ల మధ్య వరకు ఆ బాధ్యత నిర్వహించాడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో కెనడా సైన్యంలో కూడా పనిచేసాడు.

రచనలు

1939లో వచ్చిన ది వెస్టర్న్ ఆంగ్లర్ బ్రిటిష్ కొలంబియా చేపల గురించి, గాలపు వేట గురించి సమగ్రమైన గ్రంథం. 1941 నాటి రిటర్న్ టు ది రివర్ కొలంబియా నదికి చెందిన ఒక చినూక్ చేప జీవితకథ. మనుషులు కట్టిన ఆనకట్టలు ఆ చేప దారిలో ఎటువంటి అవరోధాలో ఈ నవల చూపుతుంది. 1946లో వెలువడిన ఎ రివర్ నెవర్ స్లీప్స్ ఇతని రచనలలో మిక్కిలి ప్రసిద్ధి చెందినది. ఏడాదిలోని ఒక్కొక్క మాసానికి ఒక్కొక్క అధ్యాయంగా ఇది సాగుతుంది.

బాలల కోసం రచించిన సాల్ట్‌వాటర్ సమ్మర్ నవలకు 1948 సంవత్సరపు గవర్నర్ జనరల్ పురస్కారం లభించింది. ఇందులో కథానాయకుడు వినోద వేటగాడు కాడు. సొంత పడవ కొని సాల్మన్ వేటతో బ్రతకాలని పూనుకొన్న యువకుడు. గాలపు వేటపై ఇంత ప్రీతి గల రచయిత మత్స్యకారుని జీవితాన్ని ఇంత ఆదరంతో చిత్రించడం గమనించదగినది. 1964 నాటి ఫిషర్‌మన్స్ ఫాల్ గ్రంథంలో, నదిలో మునిగి నీటి అడుగున చేపలను చూసిన అనుభవాలను వివరించాడు. కొట్టి తెచ్చిన చేపను లెక్కించడం నుండి బ్రతికి ఉన్న చేపను పరిశీలించడం వైపు ఇతని ఆసక్తి మళ్ళిన తీరును ఈ పుస్తకంలో గమనించవచ్చు.

ఆనకట్టలపై పోరాటం

1947లో కాంప్‌బెల్ నదిపై జాన్ హార్ట్ జలవిద్యుత్ కేంద్రం ప్రారంభమైంది. ఎల్క్ జలపాతం పైకి సాల్మన్ సహజంగానే పోలేదు కాబట్టి దాని వల్ల చేపల దారి మూసుకుపోలేదు. అయితే ప్రవాహం మనుషుల అదుపులోకి వెళ్ళింది. పైనుండి కొట్టుకు రావలసిన గులకరాళ్ళు ఆగిపోయి, గుడ్లు పెట్టే చోట్లు తరిగాయి. 1950లలో స్ట్రాత్‌కోనా పార్కులోని బటిల్ సరస్సు మట్టాన్ని పెంచే పథకాన్ని హేగ్-బ్రౌన్ ముందుండి వ్యతిరేకించాడు. 1911లో ఏర్పడిన ఈ పార్కు ఆ రాష్ట్రంలో మొట్టమొదటిది. ఆ పోరాటం ఫలించలేదు. 1958లో పూర్తయిన ఆనకట్ట వల్ల సరస్సు ఒడ్డులు మునిగాయి. 1960లలో అక్కడి గని తవ్వకాన్ని కూడా ఎదిరించి ఓడిపోయాడు.

ఫ్రేజర్ నదిపై మోరన్ వద్ద తలపెట్టిన భారీ ఆనకట్ట విషయంలో ఫలితం వేరుగా వచ్చింది. కొలంబియా నదిపై కట్టిన గ్రాండ్ కూలీ ఆనకట్టకు చేపలు ఎక్కే మెట్లు లేవు. దానితో ఎగువ కొలంబియాకు సాల్మన్ రాక నిలిచిపోయింది. ఈ అనుభవాన్ని ఎదుట ఉంచుకుని మత్స్యకారులు, వినోద వేటగాళ్ళు, శాస్త్రవేత్తలు కలసి మోరన్‌ను వ్యతిరేకించారు. హేగ్-బ్రౌన్ తన కలంతో వారికి తోడ్పడ్డాడు. ఆ ఆనకట్ట నిర్మాణం జరగలేదు. ఫ్రేజర్ ప్రధాన నదిపై నేటికీ ఆనకట్ట లేదు.

వేటల వివాదంలో ఇతని వైఖరి

మత్స్యకారుల వలల వల్లనే చేప తరిగిందని వినోద వేటగాళ్ళు అనడం, సరదాకు చంపేవారు తమ పొట్ట కొడుతున్నారని మత్స్యకారులు అనడం తీర ప్రాంతంలో పరిపాటి. హేగ్-బ్రౌన్ ఏ పక్షాన్నీ పూర్తిగా సమర్థించలేదు. గాలపు వేట విలువను పట్టిన మాంసపు తూకంతో కొలవరాదని భావించాడు. అదే సమయంలో తీరంలోని కుటుంబాలను పోషించే వృత్తిని న్యాయమైనదిగా గౌరవించాడు. గుడ్లు పెట్టడానికి నదికి చేరవలసిన చేపల లెక్క మొదట తేలాలి. ఆ పైన మిగిలిన దానిలోనే ఎవరి వాటా అయినా. నది పాడైతే పంచుకోవడానికి ఏమీ మిగలదు. ఇతని రచనల సారాంశం ఇదే.

1970లలో అంతర్జాతీయ పసిఫిక్ సాల్మన్ మత్స్య సంఘంలో సభ్యుడైనపుడు ఈ సూత్రం ఇతనికి ప్రత్యక్ష బాధ్యతగా మారింది. 1913-14లో రైలు మార్గ నిర్మాణ సమయంలో ఫ్రేజర్ నదిలోని హెల్స్ గేట్ ఇరుకులో బండలు కూలి సాకై రాక దారుణంగా పడిపోయింది. ఆ చేపలను పునరుద్ధరించి, పట్టుబడిని కెనడా, అమెరికా మత్స్యకారుల మధ్య సమానంగా పంచడానికి 1937లో ఈ సంఘం ఏర్పడింది. 1940లలో అక్కడ చేపల మెట్లు నిర్మించింది. గాలపు వేట గ్రంథకర్తగా లోకమెరిగిన వ్యక్తి ఈ విధంగా వలల వేట నియంత్రణలో పాలుపంచుకున్నాడు. ఇతని కుమారుడు అలన్ వలల పడవల మీద పనిచేసి, తరువాత మత్స్యకారుల చరిత్రపై ఫిషింగ్ ఫర్ ఎ లివింగ్ (1993) అనే గ్రంథం రచించాడు.

చివరి సంవత్సరాలు

1970ల ఆరంభంలో విక్టోరియా విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్‌గా వ్యవహరించాడు. 1976 అక్టోబరులో, 68 ఏళ్ళ వయసులో, కాంప్‌బెల్ రివర్‌లో మరణించాడు.

తరువాతి పరిణామాలు

హేగ్-బ్రౌన్ మరణానంతరం తగవు మరింత తీవ్రమైంది. 1998లో కోహో బాగా తగ్గడంతో కెనడా ప్రభుత్వం దాని వేటపై కఠినమైన ఆంక్షలు విధించింది. 1999 నాటి కేటాయింపు విధానం చినూక్, కోహోలలో వినోద వేటకు, సాకై, పింక్, చమ్‌లలో వాణిజ్య వేటకు ప్రాధాన్యం ఇచ్చింది. ఈ రెండింటి కంటే ముందు పరిరక్షణ, ఆ తరువాత ఆదివాసుల ఆహార, సామాజిక, ఆచార అవసరాలు నిలుస్తాయి. ఆదివాసుల ఈ హక్కును కెనడా సుప్రీంకోర్టు 1990లో స్పారో కేసు తీర్పులో గుర్తించింది. 2009లో ఫ్రేజర్ సాకై అంచనాల కంటే ఎంతో తక్కువగా రావడంతో ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించింది. 2012లో వెలువడిన దాని నివేదిక క్షీణతకు ఏ ఒక్క కారణాన్నీ నిర్ధారించలేదు. 2019లో చినూక్ విషయంలో వినోద వేటగాళ్ళపై కూడా ఆంక్షలు పడ్డాయి. 2021లో వాణిజ్య సాల్మన్ వేటలలో సగానికి పైగా మూతపడ్డాయి.

స్మారకాలు

స్ట్రాత్‌కోనా పార్కులోని ఒక పర్వతానికి హేగ్-బ్రౌన్ పేరు పెట్టారు. సాకై చేపలకు ప్రసిద్ధి చెందిన ఆడమ్స్ నది ఒడ్డున 1977లో ఇతని పేరిట ఒక పార్కు ఏర్పడింది. 2018లో ఆ పార్కుకు స్థానిక సెక్వెపెమ్క్ భాషలోని పేరు పెట్టారు. కాంప్‌బెల్ నది ఒడ్డున ఉన్న ఇతని ఇల్లు వారసత్వ కట్టడంగా పరిరక్షింపబడింది. ఇంటి ఆవరణలోని చిన్న వాగును చేపలు తిరిగి వచ్చేలా బాగుచేసారు.