అలెక్సిస్ కారెల్ : కణవార్ధక్యం, క్యాన్సర్

వైద్యశాస్త్ర చరిత్రలో చిరస్మరణీయుడైన అలెక్సిస్ కారెల్ 1873 జూన్ 28న ఫ్రాన్సులోని లియాన్ నగర సమీపాన జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, తల్లి పెంపకంలో పెరిగి వైద్యవిద్య నభ్యసించారు. 1894లో ఫ్రాన్సు అధ్యక్షుడు కార్నో లియాన్‌లో కత్తిపోటుకు గురై, రక్తనాళం తెగి మరణించారు. తెగిన నాళాన్ని కుట్టే నేర్పు నాటి వైద్యులకు లేదు. ఆ లోటు తీర్చదలచిన కారెల్, బట్టలపై అల్లికపని చేసే ఒక స్త్రీ వద్ద సన్నని సూదితో కుట్టడం నేర్చుకున్నారు. 1906లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో చేరారు. రక్తనాళాలను కుట్టే పద్ధతికి, అవయవాల మార్పిడిలో చేసిన కృషికి 1912లో నోబెల్ బహుమతి పొందారు.

అదే సంవత్సరం జనవరి 17న ఆయన కోడిపిండపు గుండె నుండి చిన్న ముక్క తీసి గాజుపాత్రలో పెంచనారంభించారు. 1944 నవంబరు 5న ఆయన పారిస్‌లో మరణించిన తరువాత కూడా, 1946 వరకు ఆ పెంపకం సాగింది. తగిన పోషణ ఉంటే కణానికి వార్ధక్యమే లేదని ఆయన చాటగా, శాస్త్రలోకం విశ్వసించింది. తమ ప్రయోగశాలల్లో కణాల పెరుగుదల ఆగినప్పుడు ఇతరులు తమ పనితనాన్నే శంకించుకున్నారు.

1961లో ఫిలడెల్ఫియాలో లియోనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ అనువారు సాధారణ మానవకణాలు సుమారు 50 మార్లు విభజన చెంది ఆగిపోతాయని నిరూపించారు. కారెల్ పాత్రలో పోషకరసంతోపాటు కొత్త కణాలు చేరుతూ ఉండవచ్చునని తదుపరి పరిశోధకులు భావించారు.

ఈ సత్యం క్యాన్సర్ అధ్యయనానికి ఎంతో తోడ్పడింది. విభజన జరిగిన ప్రతిసారీ క్రోమోజోముల కొనలు కొంత తరుగుతాయి. అవి మరీ కురచనైనప్పుడు, లేదా జన్యుపదార్థం దెబ్బతిన్నప్పుడు కణం వృద్ధాప్యం పొంది విభజన మానుతుంది. చెడిన కణం గడ్డగా పెరగకుండా ఇది ఒక కట్టుబాటు. ఆ కట్టుబాటును దాటినదే క్యాన్సర్ కణం. అయితే వృద్ధకణాలు దేహంలో పేరుకుపోతే, అవి స్రవించే పదార్థాలు వాపు కలిగించి, ఇరుగుపొరుగు కణాలలో క్యాన్సర్‌కు దోహదం చేయగలవు. కావలి కాసినదే కీడుకూ కారణం కావచ్చును.

కారెల్ నేర్పిన కుట్టు రక్తనాళ శస్త్రచికిత్సకు నేటికీ పునాది. కణాన్ని గురించి ఆయన చెప్పినది మాత్రం నిలువలేదు. 1935 నాటి గ్రంథంలో ఆయన వెలిబుచ్చిన జాతిశుద్ధి భావాలనూ లోకం నిరాకరించింది. ప్రయోగఫలితం పెద్దల మాటకు భిన్నంగా వచ్చినప్పుడు తప్పు తనదేనని విద్యార్థి తలవంచుకోరాదు. ఉపాధ్యాయుడు అతనితో కూర్చుని మరొకమారు చేసి చూడవలెను. మహనీయుల పట్ల గౌరవానికి అది భంగం కాదు.