డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

విద్యార్థులారా! ఈ పుటను చదువునపుడు మీ మెదడు ఎంత శక్తిని వ్యయించుచున్నదో యెఱుగుదురా? దేహపు బరువులో మెదడు నూటికి 2 పాళ్లు మాత్రమే. అయినను విశ్రాంతివేళ దేహము వ్యయించు శక్తిలో నూటికి 20 పాళ్లు దానికే కావలెను. ఆ శక్తి యే రూపమున నుండునో కనుగొన్నవారిలో ఒక తెలుగువాడు కలడు. ఆయన చరిత్రమును మీకు చెప్పదలచితిమి.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున బీదకుటుంబములో జన్మించిరి. రాజమహేంద్రవరమున చదువుచుండగా ఆప్తుల మరణములు వారిని కలచివైచెను. మెట్రిక్యులేషనులో రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణులైరి. మద్రాసు వైద్యకళాశాలలో వారు ఖద్దరు ధరించుట శస్త్రచికిత్సాచార్యునకు రుచింపలేదు. అందువలన ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టమే వారికి దక్కెను. కొంతకాలము మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించి, పిదప అమెరికా చేరిరి. పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేయుచు హార్వర్డులో పరిశోధన సాగించిరి.

అచట సైరస్ ఫిస్కేతో కూడి, దేహద్రవములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఇట్టి కొలతలతోనే కండరములను పరీక్షింపగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఎ.టి.పి. అను పదార్థములు బయల్పడెను. ఆ 1929లోనే జర్మనీలో లోమన్ కూడ ఎ.టి.పి.ని వేఱుగా కనుగొనెను. కండరమున దొరకిన ఈ పదార్థమే సకల జీవకణములకు శక్తినిచ్చునని తరువాతి శాస్త్రజ్ఞులు తేల్చిరి.

మెదడు సంగతి చూడుడు. మనము తిన్న అన్నము గ్లూకోజుగా మారి రక్తముద్వారా నాడీకణములను చేరును. ఆ కణములలోని మైటోకాండ్రియాలు ప్రాణవాయువు సాయమున గ్లూకోజునుండి శక్తిని రాబట్టి ఎ.టి.పి.ని తయారుచేయును. ఇది చేతిలోని నాణెము వంటిది. దీనినుండి ఒక ఫాస్ఫేటు విడివడగా శక్తి వెలువడును. నాడీకణము సందేశము పంపినపుడెల్ల సోడియము లోనికి చొచ్చును, పొటాషియము వెలికి పోవును. వానిని మరల స్వస్థానములకు చేర్చుటకే ఈ నాణెములలో పెద్దభాగము చెల్లిపోవును. వీనిని విస్తారముగ దాచుకొనుటకు వీలులేదు, ఎప్పటికప్పుడు చేసికొనవలసినదే. హఠాత్తుగ కొఱత కలిగినచో ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేటునిచ్చి కొంతసేపు ఆదుకొనును. ప్రాణవాయువు కొలది నిమిషములందకున్నను మెదడు చెడుటకు కారణమిదియే. మన బెంగళూరు నిమ్హాన్స్ సంస్థలో మానవ మెదడుల ప్రదర్శనశాల కలదు. అచటికి పోయినపుడు ఈ సంగతి తలచుకొనుడు.

సుబ్బారావుగారు 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు మారిరి. వారి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లమును తయారుచేయు విధానము, బోదవ్యాధికి హెట్రజాన్ అను మందు సిద్ధమయ్యెను. స్వదేశమునకు తిరిగిరాకయే 1948 ఆగస్టులో, 53వ యేట కన్నుమూసిరి. వారి శతజయంతి సంవత్సరమగు 1995లో భారత ప్రభుత్వము తపాలాబిళ్ల వెలువరించెను.

తల్లిదండ్రులారా! పరీక్ష తప్పిన బిడ్డను మందబుద్ధియని త్రోసివేయకుడు. రెండుమారులు తప్పిన బాలుడే మెదడును నడపు శక్తిరహస్యమును వెలికితీసెను. తెలుగున చదివినను కన్నడమున చదివినను మెదడు వ్యయించు నాణెమొక్కటే. మాతృభాషలో చదువు బిడ్డకు శక్తి తక్కువయను శంక మనకు వలదు.