ఫుట్‌బాల్ గురువు రహీం సాబ్
జనాబ్ సయ్యద్ అబ్దుల్ రహీం మర్హూం 1909లో హైదరాబాదులో జన్మించారు. మంచి ఆటగాడు, వృత్తి మాత్రం బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చి 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిపించారు. బంతి ఒక్కడి కాళ్ల దగ్గరే ఉండకూడదు, పొట్టి పాసులతో అందరూ పంచుకోవాలన్నదే ఆయన పాఠం. ఆయన శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది.

1962లో క్యాన్సర్ పీడిస్తున్నా జకార్తా వెళ్లారు. తలకు దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగును ముందువరసలో ఆడించారు. ఫైనల్లో అతనూ ఒక గోలు కొట్టాడు. దక్షిణ కొరియాపై 2-1తో మళ్లీ బంగారమే! తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, రహీం సాబ్ కన్నుమూశారు. ఆ పతకం మనకు మళ్లీ దక్కలేదు. మన పిల్లలకు ఆయన పేరైనా తెలియాలి కదా!