డ్రెడ్ స్కాటు: న్యాయస్థానమున నిలిచిన బానిస

రాజులును, సేనానులును, మంత్రులును దేశచరిత్రమును మార్చుట లోకమున వినుచుండు విషయమే. అక్షరజ్ఞానము లేని యొక బానిస, తనకును తన భార్యాబిడ్డలకును స్వేచ్ఛ కావలెనని కోర్టు మెట్లెక్కి, ఒక మహాదేశమునే కదలించుట అరుదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో న్యాయస్థానపు తీర్పులకును, ప్రజల రాజకీయ వివాదములకును గల సంబంధమును తెలిసికొనగోరువారు ముందుగ చదువదగినది డ్రెడ్ స్కాటు జీవితము.

ఆతడు 1799వ సంవత్సర ప్రాంతమున వర్జీనియా రాష్ట్రమున జన్మించెను. పీటర్ బ్లో అను నాతడు యజమాని. బ్లో కుటుంబము మొదట అలబామాకును, పిదప 1830లో మిస్సోరీ రాష్ట్రమందలి సెయింట్ లూయీ పట్టణమునకును తరలిపోగా, ఇంటి సామానుతో బాటు స్కాటును వారి వెంట తరలెను. 1832లో పీటర్ బ్లో మరణించెను. ఆ ప్రాంతముననే జాన్ ఎమర్సను అను సైనిక వైద్యుడు స్కాటును కొనెను.

ఆనాడు అమెరికాలో కొన్ని రాష్ట్రములు బానిసత్వమును నిషేధించినవి. కొన్ని దానిని చట్టసమ్మతముగ నుంచుకొన్నవి. ఎమర్సను ఉద్యోగరీత్యా ఇల్లినాయ్ రాష్ట్రమందలి కోటకు వెడలుచు స్కాటును వెంట గొనిపోయెను. అది బానిసత్వము లేని రాష్ట్రము. 1836లో వా రిరువురును ఇంకను ఉత్తరమున, నేడు మిన్నెసోటా యనబడు రాష్ట్రమందున్న స్నెల్లింగు కోటకు చేరిరి. 1820 నాటి మిస్సోరీ ఒడంబడిక యను శాసనముచే ఆ ప్రదేశమునను బానిసత్వము నిషిద్ధమే. అచ్చటనే స్కాటు హారియెట్ రాబిన్‌సను అను యువతిని వివాహమాడెను. బానిసల పెండ్లికి దక్షిణాదిని చట్టమున విలువ లేదు. వీరి వివాహమును మాత్రము అధికారము గల మేజిస్ట్రేటే జరిపించెను. 1838లో మిసిసిపీ నదిపై సాగుచున్న పొగయోడలో వారికి తొలి కూతురు ఎలైజా పుట్టెను. కొన్నియేండ్లకు లిజీ యను రెండవ కూతురు కలిగెను.

కుటుంబము మరల సెయింట్ లూయీ చేరిన పిమ్మట, 1843లో ఎమర్సను మరణించెను. ఆతని భార్య ఐరీను స్కాటు దంపతులను ఇతరులకు కూలికిచ్చి ఆ కూలిడబ్బు తాను పుచ్చుకొనుచుండెను. సొమ్ము చెల్లించి విడుదల పొందుటకు స్కాటు చేసిన యత్నమును ఆమె అంగీకరింపలేదు. అంతట 1846 ఏప్రిల్ 6వ తేదీన భార్యాభర్తలిరువురును వేర్వేరుగ దావాలు వేసిరి. సంతకము చేయనేరని స్కాటు అర్జీపై గుర్తు పెట్టెను.

వారి కోరిక నిరాధారము కాదు. యజమాని తనంత తాను స్వేచ్ఛా ప్రదేశమునకు గొనిపోయి కాపురముంచిన బానిస స్వతంత్రుడగుననియు, తిరిగి వచ్చినను ఆ స్వాతంత్ర్యము పోదనియు మిస్సోరీ న్యాయస్థానములే పలుమారులు తీర్పు చెప్పియుండెను. అయినను 1847లో జరిగిన విచారణలో స్కాటు ఓడిపోయెను. ఆతనిని ఎమర్సను భార్య వద్ద కూలికి కుదుర్చుకొంటినని చెప్పిన సాక్షి, ఆ బేరము చేసినది తన భార్యయనియు, తాను విన్నంతయే ననియు ఒప్పుకొనెను. వినికిడి సాక్ష్యము చెల్లదాయెను. స్కాటు ఆమె బానిసయని రుజువు కానందున ఆతడు ఆమెకు బానిసగనే మిగిలిపోయెను!

మరల విచారణకు అనుమతి దొరకెను గాని, 1849లో పట్టణమున కలరా వ్యాపించుటచేతను, పెద్ద అగ్నిప్రమాదము జరుగుటచేతను అది ఆలస్యమయ్యెను. 1850 జనవరిలో జ్యూరీ స్కాటు స్వతంత్రుడని నిర్ణయించెను. ఐరీను అప్పీలు చేసెను. ఇంతలో కాలము మారెను. బానిసత్వమును గూర్చి ఉత్తర దక్షిణముల నడుమ ద్వేషము పెరిగెను. 1852లో మిస్సోరీ సుప్రీంకోర్టు, కాలము మారినదని చెప్పియే, తన పాత తీర్పులను తానే త్రోసివైచెను. వ్యాజ్యము నడచినంత కాలము స్కాటు కుటుంబము షెరీఫు అధీనమున కూలిపని చేయుచు, ఆ కూలిడబ్బు కంట పడకుండ జీవించెను. పీటర్ బ్లో కుమారులు, చిన్ననాట తమ యింట మెలగిన స్కాటును మరువక, వ్యాజ్యమునకు సాయపడిరి.

ఐరీను సోదరుడగు జాన్ శాన్‌ఫర్డు స్కాటుపై హక్కు తనదనెను. ఆతడు న్యూయార్కు వాసి. వేర్వేరు రాష్ట్రముల పౌరుల నడుమ తగవు కేంద్ర న్యాయస్థానమున విచారింపవచ్చును గనుక, 1853లో స్కాటు అచ్చట దావా వేసెను. దీనితో పెద్ద ప్రశ్న పుట్టెను: నల్లజాతివాడు అసలు పౌరుడా? కింది కోర్టులో ఓడి, వ్యాజ్యము వాషింగ్టనులోని సుప్రీంకోర్టు చేరెను.

అప్పటికి దేశము ఉడుకుచుండెను. 1854లో కాంగ్రెసు మిస్సోరీ ఒడంబడికను రద్దుచేసి, బానిసత్వ ప్రశ్నను ఆయా ప్రదేశముల ప్రజలకే వదలగా, కాన్సాసులో ఇరుపక్షములవారును ఆయుధములు పట్టిరి. 1857 మార్చి 4న అధ్యక్షపదవి స్వీకరించిన బుకానను, ఈ సమస్యను సుప్రీంకోర్టు తేల్చుననియు, ఆ తీర్పునకు ఎల్లరును లోబడవలెననియు ప్రసంగించెను. ఆతడు అంతకుముందే ఇద్దరు న్యాయమూర్తులతో ఈ విషయమై ఉత్తరములు నడపియుండెను.

రెండు దినములకు, మార్చి 6న, తీర్పు వెలువడెను. తొమ్మిదిమంది న్యాయమూర్తులలో ఏడుగురు స్కాటుకు వ్యతిరేకులు. ఎనుబదియేండ్లకు సమీపించిన ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ ప్రధానాభిప్రాయమును చదివెను. ఆతడు తన సొంత బానిసలను పూర్వమే విడిచిపెట్టినవాడు. అట్టివాడే, బానిసలుగ తేబడినవారి సంతతి అమెరికా పౌరులు కాజాలరనియు, కావున దావా వేయుటకే వారికి హక్కు లేదనియు, కొత్త ప్రదేశములలో బానిసత్వమును నిషేధించు నధికారము కాంగ్రెసునకు లేదనియు తీర్మానించెను. మెక్లీను, కర్టిస్ అను న్యాయమూర్తు లిరువురు విభేదించిరి. రాజ్యాంగ మేర్పడిన నాటికే అయిదు రాష్ట్రములలో స్వతంత్రులైన నల్లజాతివారు ఓటు వేసియుండిరని కర్టిస్ చూపెను. ఆ సంవత్సరమే పదవికి రాజీనామా చేసెను.

ఆర్పవలసిన తీర్పు అగ్నికి ఆజ్యమయ్యెను. దక్షిణాదివారు సంతోషించిరి, ఉత్తరాదిని పత్రికలును సభలును మండిపడెను. ఇల్లినాయ్ న్యాయవాది అబ్రహాం లింకను మధ్యమార్గమును చూపెను. స్కాటు విషయమున తీర్పును ఎదిరింపమనియు, అది తప్పు గనుక దేశమునకు శాశ్వత ధర్మముగ అంగీకరింపక, మార్పించుటకు పాటుపడుదుమనియు ఆతడు వాదించెను. 1858లో సెనేటు స్థానమునకు డగ్లాసుతో జరిపిన ఏడు వాదసభలలో ఈ తీర్పే ముఖ్యవిషయము. లింకను ప్రశ్నలకు డగ్లాసు, స్థానిక చట్టముల సాయము లేనిదే బానిసత్వము నిలువజాలదని సమాధానము చెప్పెను. ఆ మాటతో దక్షిణాదివా రాతనికి దూరమైరి. డగ్లాసు సెనేటు స్థానము గెలిచెను గాని, 1860లో ఆతని పక్షము రెండుగ చీలెను, లింకను అధ్యక్షుడయ్యెను. 1861 మార్చి 4న ఆతనిచే ప్రమాణము చేయించినది టానీయే.

స్కాటు ఈ చివరి ఘట్టములను చూడలేదు. ఐరీను పునర్వివాహము చేసికొన్న భర్త బానిసత్వ విరోధియగు కాంగ్రెసు సభ్యుడు. ఆ అపఖ్యాతి భరింపరాక, స్కాటు కుటుంబమును టేలర్ బ్లోకు దఖలుపరచిరి. ఆయన 1857 మే 26న వారిని విముక్తులను గావించెను. పదునొకండేండ్లు న్యాయస్థానములు ఇయ్యని దానిని చిన్ననాటి స్నేహము ఇచ్చెను. స్కాటు సెయింట్ లూయీలో నొక హోటలులో కూలిగ పనిచేసి, 1858 సెప్టెంబరు 17న క్షయవ్యాధిచే మరణించెను. స్వేచ్ఛ అనుభవించినది పదునారు నెలలకు లోపే. హారియెట్ 1876 వరకు జీవించెను.

అంతర్యుద్ధమున ఆరు లక్షలకు పైగా ప్రాణములు పోయెను. 1865లో పదమూడవ రాజ్యాంగ సవరణ సుమారు 40 లక్షలమంది బానిసల సంకెలలు ఊడగొట్టెను. 1868లో పదునాల్గవ సవరణ, అమెరికాలో పుట్టి ఆ దేశపు అధికార పరిధికి లోబడినవారు పౌరులే యని శాసించి, టానీ తీర్పును తుడిచివేసెను. 1896లో జాతుల వేర్పాటును సమర్థించిన సుప్రీంకోర్టే, 1954లో ఆ సవరణ నాధారముగ గొని, పాఠశాలలలో తెల్ల నల్ల బిడ్డలను వేరుపరచుట చెల్లదనెను.

న్యాయమూర్తులును మానవులే, వారి తీర్పునందు కాలపు మాలిన్యము చేరవచ్చును. దానిని కడుగవలసినవారు ప్రజలు. ఆ పని సకాలమున జరుగకున్న దాని వెల ఎంతటిదో అమెరికా రక్తముతో తెలిసికొనెను. తొలి విచారణ జరిగిన సెయింట్ లూయీ పాత న్యాయస్థాన భవనము నేటికిని నిలిచియున్నది. దాని యెదుట 2012లో డ్రెడ్, హారియెట్ దంపతుల విగ్రహమును నెలకొల్పిరి. ఓడిన వాది, తనను ఓడించిన కోర్టు వాకిట, భార్య సరసను తలయెత్తి నిలిచియున్నాడు.